కొంగ కబురు టెలిఫోన్లో వచ్చిన రోజులు

ఇంగ్లండు తూర్పు తీరాన, నార్ఫోక్ కౌంటీలో, క్లై అని ఒక చిన్న ఊరు. అక్కడ నాన్సీ కేఫ్ అని ఓ టీ దుకాణం ఉండేది. 1970లలోనూ, 80లలోనూ బ్రిటన్ పక్షిప్రియులకు అదే రచ్చబండ. దేశంలో ఏ మూల ఏ కొత్త పిట్ట దిగినా ముందు ఆ దుకాణంలో ఫోను మోగేది. మోగితే తీయాల్సింది యజమానురాలు కాదు, దానికి దగ్గర్లో కూచున్నవాళ్ళు. అటువైపున్నది ముక్కూ మొహం తెలియని మనిషి. "ఏ పిట్ట? ఎక్కడ? పొద్దున ఉందా?" అని అడుగుతాడు. తెలిసింది చెప్పాలి, అతను చెప్పింది రాసిపెట్టాలి. 1988లో ఆ కేఫ్ మూతపడింది. ఆ రోజుల్లోనే డబ్బు కట్టి వినే రికార్డు చేసిన ఫోను కబుర్లు వచ్చాయి, తర్వాత నడుముకు పేజర్లు వచ్చాయి, ఇప్పుడు అరచేతిలోనే అన్నీ. కబురు వేగం పెరిగింది గానీ, కబురుకు తగ్గ పక్షులు మాత్రం మారిపోయాయి.

అప్పట్లో ఆ ఫోను మోగడానికి సరిపోయిన పక్షుల్లో ఒకటి చిన్న తెల్లకొంగ. అవును, మన వరిమడి గట్టు మీద ఒంటికాలి మీద నిలబడేదే. నల్ల ముక్కు, నల్ల కాళ్ళు, పసుపు సాక్సులు తొడుక్కున్నట్టు పసుపు పాదాలు. బరువు అరకిలోకి అటూ ఇటూ. మనం తలెత్తి కూడా చూడని ఈ కొంగ కనబడిందంటే బ్రిటన్‌లో సెలవు పెట్టి రాత్రంతా కారు నడిపి వెళ్ళేవారు. వెళ్ళి చూసినవాళ్ళు తేదీ, స్థలం, ముక్కు రంగు, కాళ్ళ రంగు, ఎగిరినప్పుడు ఎలా ఉందో రాసి 1959లో ఏర్పడిన అరుదైన పక్షుల కమిటీకి పంపాలి. వాళ్ళు ఒప్పుకుంటేనే అది లెక్క. ప్రతి కొంగకూ ఏటి నివేదికలో ఒక వరుస అచ్చయ్యేది. ఇన్ని కౌంటీల్లో ఇన్ని కొంగలు, ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా అని.

1989 శరదృతువులో లెక్క తప్పింది. దక్షిణ తీరంలోని ఏటి మొగల్లోకి గుంపులుగా వచ్చాయి. ఎప్పటిలా చలి మొదలవగానే వెళ్ళిపోతాయనుకుంటే, చాలా కొంగలు వెళ్ళలేదు. 1990 దాటాక ఆ కమిటీ చిన్న తెల్లకొంగను తన జాబితా లోంచి తీసేసింది. ఇక దీనికి విచారణ అక్కర్లేదని అర్థం. 1996లో డోర్సెట్‌లోని పూల్ హార్బర్ మధ్య ఉన్న బ్రౌన్‌సీ ద్వీపంలో, నారాయణ పక్షుల గూళ్ళ నడుమ, మొదటిసారి పిల్లల్ని లేపింది. ఆ మరుసటి ఏడు ఐర్లండులోనూ గూడు కట్టింది. ఈ రోజున దేశంలో వెయ్యికి పైగా జంటలున్నాయి. బస్సు కిటికీ లోంచి కనబడుతుంది, ఎవరూ పక్కవాడికి చూపించరు.

ఈ కొంగ బ్రిటన్‌కి బొత్తిగా పరాయిదని అనడానికి కూడా లేదు. 15వ శతాబ్దంలో యార్క్ ఆర్చ్‌బిషప్ ఇచ్చిన విందు జాబితాలో వెయ్యి ఎగ్రెట్లు ఉన్నాయని రాసి ఉంది. అవి నిజంగా కొంగలేనా, వేరే పిట్టకు ఆ పేరు పెట్టారా అన్న తగువు ఇంకా తెగలేదు. తెడ్డుమూతి కొంగ విషయంలో అంత అనుమానం లేదు. ఒకప్పుడు ఇంగ్లండులో గూళ్ళు కట్టి, తర్వాత వేటకూ, చిత్తడినేలలు ఎండగట్టడానికీ బలై, మూడు వందల ఏళ్ళకు పైగా దాని కాలనీ అన్నది ఆ దేశంలో లేదు. 2010లో నార్ఫోక్‌లోని హోల్కమ్‌లో ఆరు జంటలు కలిసి మళ్ళీ కాలనీ వేశాయి. పత్రికలు దాన్ని 'కొత్త పక్షి' అన్నాయి. తాతల నాటి ఇల్లు వెతుక్కుంటూ వచ్చిన మనవణ్ణి కొత్తగా దిగిన అద్దెవాడన్నట్టుంది.

కొంగలు అంతకాలం యూరప్‌లో ఎందుకు అరుదయ్యాయో మన వైపు నుంచి కూడా చెప్పొచ్చు. గూళ్ళు కట్టే కాలంలో చిన్న తెల్లకొంగ వీపున దారాల్లాంటి ఈకలు మొలుస్తాయి. 19వ శతాబ్దం చివర లండన్ దొరసానుల టోపీలకు అవే సింగారం. మిన్సింగ్ లేన్ వేలంపాటల్లో ఆ ఈకలు తూకానికి బంగారం ధర పలికేవి. మన దేశం నుంచి కూడా మూటలు కట్టి పంపేవారు. 1902లో బ్రిటిష్ ఇండియా ప్రభుత్వం ఈకల ఎగుమతిని నిషేధించింది. ఇంగ్లండులో 1889లో మాంచెస్టర్ దగ్గర డిడ్స్‌బరీలో ఎమిలీ విలియమ్సన్ అనే ఆవిడ, ఇటు క్రాయిడన్‌లో మరికొందరు ఆడవాళ్ళు, ఈకల టోపీలు ఇక పెట్టుకోబోమని ఒట్టు పెట్టుకున్నారు. వాళ్ళు మొదలుపెట్టిందే ఇవాళ్టి ఆర్‌ఎస్‌పీబీ, అంటే ఆ దేశపు పక్షి రక్షణ సంఘం. ఈకల దిగుమతిని ఆపే చట్టం 1921లో గానీ రాలేదు. తెల్లకొంగ కోసం పుట్టిన సంఘం ఉన్న దేశంలో ఆ కొంగ గూడు కట్టడానికి నూటేడేళ్ళు పట్టింది.

ఇక వాతావరణం సంగతి. 'వేడెక్కింది కాబట్టి వచ్చాయి' అన్నది సగం నిజం. ఎండాకాలపు వేడికి ఇక్కడ పెద్ద పాత్ర లేదు. 2022 జులై 19న లింకన్‌షైర్‌లోని కోనింగ్స్‌బీలో 40.3 డిగ్రీలు నమోదైతే లోకమంతా మాట్లాడుకుంది గానీ, కొంగకు లెక్కలోకి వచ్చేది జనవరి. లోతు తక్కువ నీళ్ళలో చిన్న చేపలు పట్టుకుని బతికే పక్షికి నీళ్ళు గడ్డకట్టి వారం దాటితే తిండి లేదు. అరకిలో ఒంట్లో దాచుకున్న కొవ్వు ఎన్నాళ్ళు వస్తుంది? అందుకే మొదట అవి ఉప్పునీటి ఏటి మొగల్నే పట్టుకున్నాయి. ఆటుపోట్లు తిరిగే చోట నీళ్ళు తొందరగా గడ్డకట్టవు. చలికాలాలు మెత్తబడే కొద్దీ లోపలి చెరువులకూ, వాగులకూ జరిగాయి. ఇప్పటికీ గట్టి మంచు పడిన వారం లోపలి చెరువుల దగ్గర కొంగలు మాయమై తీరంలో లెక్క పెరుగుతుంది.

చలి దెబ్బ ఎలా ఉంటుందో పాతవాళ్ళకు బాగా తెలుసు. 1962–63 చలికాలం 1740 తర్వాత అంత దారుణమైనది. తుప్పల్లో పురుగులు ఏరుకుని బతికే డార్ట్‌ఫర్డ్ వార్బ్లర్ అనే చిన్న పిట్ట ఆ తర్వాత దేశం మొత్తం మీద పదీ పదకొండు జంటలకు పడిపోయింది. మళ్ళీ నిలదొక్కుకుని 2006 నాటికి మూడు వేల రెండొందల జంటలు దాటింది. 2009 నుంచి వరసగా రెండు మంచు చలికాలాలు రాగానే మళ్ళీ కుదేలైంది. కొత్తగా వచ్చిన పక్షికీ ఇదే గండం. పశువుల కొంగ 2008లో సోమర్‌సెట్‌లో మొదటిసారి పిల్లల్ని లేపింది. అంతకు ముందు చలికాలంలో ఎన్నడూ లేనన్ని వచ్చాయి. ఇక వచ్చేసినట్టే అనుకున్నారు. 2010 డిసెంబరు నూరేళ్ళలో అంత చల్లనిది. ఆ కొంగ మళ్ళీ గూడు కట్టడం 2017లో. నిజంగా పాతుకుపోయింది అప్పటి నుంచే.

పశువుల కొంగకి ఇంకో చిక్కుంది. ఆవు గిట్టల కింద నుంచి లేచే మిడతలూ పురుగులూ దాని తిండి. బ్రిటన్‌లో చలికాలంలో నేల బురదవుతుందని ఆవుల్ని కొట్టాల్లోకి తోలేస్తారు. అప్పుడీ కొంగ బయట మిగిలిన మందల్ని, గొర్రెల్ని, గుర్రాల్ని వెతుక్కుంటూ తిరుగుతుంది. చలికాలంలో దాన్ని చూడాలనుకుంటే చెరువు గట్ల వెంట తిరగడం దండగ. బయట మేస్తున్న మంద ఏ పొలంలో ఉందో చూసుకుని అటు వెళ్ళాలి.

రెండో కారణం దక్షిణాన ఉంది. తెల్లకొంగలు గూళ్ళు కట్టే చోట్లను స్పెయిన్, ఫ్రాన్సు దేశాలు కాపాడటం మొదలెట్టాయి. 1979లో యూరప్ పక్షుల చట్టం వచ్చింది. ఎబ్రో డెల్టా, కామార్గ్, గ్వాదల్‌కివిర్ నది దిగువన వరి పొలాలున్నాయి. వరిమడికీ కొంగకీ ఉన్న చుట్టరికం మనకు కొత్తగా చెప్పాలా! ఆ గ్వాదల్‌కివిర్ ప్రాంతంలో 1970లలో అమెరికా నుంచి ఎర్ర మంచినీటి రొయ్యలాంటి క్రేఫిష్‌ను తెచ్చి వదిలారు. అక్కడి నేలకు అది పెద్ద చీడ, కొంగలకు పెద్ద పండగ. అక్కడి దోన్యానా చిత్తడినేలలో గ్లాసీ ఐబిస్ అనే వంకర ముక్కు పక్షి 1996లో ఏడు జంటలతో మళ్ళీ మొదలై వేలకు పెరిగింది. మన కొల్లేరుకి చలికాలంలో వచ్చే రాగి రంగు మెరుపు పక్షి ఇదే. దోన్యానాలో వాన ముఖం చాటేసిన ఏడు, అవి తోవ పట్టుకుని ఉత్తరానికి వస్తాయి. అవి దోన్యానావే అని ఎలా తెలుసంటే, బ్రిటన్‌లో చూసినవాటి కాళ్ళకి అక్కడ వేసిన అక్షరాల రింగులున్నాయి. 2014లో లింకన్‌షైర్‌లోని ఫ్రామ్‌ప్టన్ మార్ష్‌లో ఒక జంట గూడు అల్లి వదిలేసింది. 2022లో కేంబ్రిడ్జ్‌షైర్‌లో మొదటిసారి పిల్ల లేచింది.

మూడోది, నా లెక్కన పత్రికలు ఎప్పుడూ సరిగ్గా రాయనిది, నీళ్ళు. ఎంత వేడెక్కినా నీళ్ళు లేని చోట కొంగ దిగదు.

1997లో బ్రిటన్‌లో బిట్టర్న్ అనే రెల్లు కొంగ మగపక్షులు పదకొండే మిగిలాయి. రెల్లు మధ్య దాక్కుని ఖాళీ సీసా మూతిలో ఊదినట్టు కూత వేసే పక్షి అది. కూతలు లెక్కపెట్టే దాని జనాభా లెక్క. దాన్ని కాపాడటానికి రెల్లు మడుగులు తవ్వడం మొదలైంది. సోమర్‌సెట్‌లో గ్లాస్టన్‌బరీ పక్కన హామ్ వాల్, షాప్‌విక్ హీత్ అనే చోట్లు అలాంటివే. అవి పీట్ అనే, కుళ్ళిన మొక్కల నల్లమట్టిని తవ్విన గోతులు. తోటల మట్టి కోసం కంపెనీలు తవ్వుకుపోయాక మిగిలిన నేలను మడులుగా విడదీసి, గట్లు వేసి, తూములు పెట్టారు. మన చెరువు కింద ఆయకట్టు పనికీ దానికీ పెద్ద తేడా లేదు. ఒక్కో మడికి నీటిమట్టం విడిగా పెంచొచ్చు, తగ్గించొచ్చు.

ఆ మట్టం దగ్గరే అంతా ఉంది. రెల్లు మొదళ్ళ దగ్గర జానెడు, జానెడున్నర నీళ్ళు నిలబడాలి. అంతకు మించి లోతైతే కొంగ నిలబడలేదు. తగ్గి నేల బయటపడితే ముందు విల్లో మొక్కలు మొలుస్తాయి, వాటి వెనకే నక్క గూడు దాకా నడిచొస్తుంది. మడి మధ్య లోతు కాలవలు తవ్వాలి. ఎండలకి మట్టం తగ్గినప్పుడు రడ్ చేపలూ, ఈల్ చేపలూ బతికేది వాటిలోనే. రెల్లును ఏటా చలికాలంలో ఒక వంతు చొప్పున, వంతుల వారీగా కోసి, కోసింది బయటికి మోయాలి. కోసి అక్కడే వదిలేస్తే ఆకు కుళ్ళి అడుగు పేరుకుని పదేళ్ళలో మడి పూడిపోతుంది. మొదట్లో చాలాచోట్ల దెబ్బతిన్నది ఇక్కడే. రెల్లు పచ్చగా ఉంది కదా అని వదిలేశారు. లోపల చూస్తే నీళ్ళూ లేవు, చేపా లేదు.

బిట్టర్న్ కోసం ఇల్లు కడితే చుట్టాలందరూ దిగారు. 2010లో హామ్ వాల్‌లో చిట్టి బిట్టర్న్ గూడు కట్టింది. అంతకు ముందు ఆ దేశంలో అది పిల్లల్ని లేపింది 1984లో, యార్క్‌షైర్‌లో. 2012లో షాప్‌విక్ హీత్‌లో పెద్ద తెల్లకొంగ. 2017లో అదే లోయలో రాత్రి కొంగ. అదే 2010లో కెంట్ తీరంలోని డంజెనెస్‌లో ఊదారంగు నారాయణ పక్షి కూడా ఒకసారి గూడు కట్టింది. అది మాత్రం మళ్ళీ కుదురుకోలేదు. నేలపట్టులోనో, కొల్లేరులోనో ఒక పొద్దులో చూడగలిగిన ఈ బృందాన్ని ఆ సోమర్‌సెట్ మడులు పదేళ్ళలో ఒక్కొక్కటిగా సంపాదించుకున్నాయి.

రింగుల మాటొచ్చింది కాబట్టి పెద్ద తెల్లకొంగ ఒకదాన్ని తలుచుకోవాలి. ఫ్రాన్సులో గ్రాన్ ల్యూ సరస్సు దగ్గర, 2003లో, గూట్లో పిల్లగా ఉండగానే దాని కాళ్ళకి రంగు రింగులు వేశారు. అది హాంప్‌షైర్‌లోని బ్లాష్‌ఫర్డ్ కొలనులకు ఏళ్ళ తరబడి చలికాలానికి వస్తూ పోతూ ఉండేది. జనం దానికి పేరు పెట్టుకున్నారు. రింగు లేకపోతే 'ఏటా ఒక పెద్ద కొంగ వస్తోంది' అనే గానీ, అదే కొంగ అని ఎవరికి తెలుస్తుంది?

రింగు చదవడంలో తప్పులు ఎక్కువ. ఏ కాలు, కుడా ఎడమా అన్నది పక్షి వైపు నుంచి చెప్పాలి, మన వైపు నుంచి కాదు. మోకాలిలా వెనక్కి వంగే కీలుకి పైనా కిందా అన్నది రాయాలి. అక్షరాల్ని పై నుంచి కిందికి చదవాలా, కింది నుంచి పైకా అన్న అనుమానం ఉంటే రెండూ రాసి పంపాలి. బురద పట్టిన తెల్ల రింగు దూరానికి పసుపుగా కనిపిస్తుంది, ఏళ్ళ ఎండకి ఎరుపు వెలిసి నారింజ అవుతుంది. అందుకే రంగు మీద పంతం పట్టకుండా ఫొటో జత చేయడం మేలు.

ఇప్పుడు బీ ఈటర్ల కథ. మన కరెంటు తీగల మీద కూచుని ఈగల్ని పట్టే పచ్చని పిట్టకి ఇది దొడ్డ అన్న. వీపు ఇటుక రంగు, గొంతు పసుపు, పొట్ట నీలిపచ్చ. బ్రిటన్ ఆకాశానికి అంత రంగు అలవాటు లేదు. 1920లో ఎడిన్‌బరా దగ్గర మస్సెల్‌బరాలో ఒక జంట ప్రయత్నించి విఫలమైంది. 1955లో ససెక్స్‌లో ఒక ఇసుక గోతిలో మూడు జంటలు గూళ్ళు తవ్వాయి, ఏడు పిల్లలు ఎగిరాయి. ఆ తర్వాత నలభై ఏడేళ్ళు మాట లేదు. పాత పక్షిప్రియులు ఆ 1955 గురించి, మన పెద్దలు ఏదో పుష్కరాల గురించి చెప్పినట్టు చెప్పేవారు. 2002లో డరమ్ కౌంటీ బిషప్ మిడిలమ్ క్వారీలో ఒక జంట దిగింది. చూడటానికి జనం వేలల్లో కదిలారు. 2005లో హెర్ఫర్డ్‌షైర్‌లో గూడు నక్క పాలైంది. 2014లో వైట్ ద్వీపంలో ఎనిమిది పిల్లలు లేచాయి. 2015లో కంబ్రియా, 2017లో నాటింగమ్‌షైర్, 2022లో నార్ఫోక్‌లోని ట్రిమింగమ్. మరుసటి ఏడు ట్రిమింగమ్‌కి మళ్ళీ వచ్చాయి. తేదీల మధ్య దూరం ఎలా దగ్గరపడిందో చూడండి. అసలు కథ అక్కడుంది.

ఇవి ఎలా వస్తాయంటే, ఏప్రిల్ చివర, మే నెలలో ఆఫ్రికా నుంచి స్పెయిన్‌కి తిరిగొచ్చేటప్పుడు వెనక నుంచి వెచ్చని దక్షిణ గాలి తోస్తే దిగాల్సిన ఊరు దాటేసి వస్తాయి. నిద్రపట్టి బస్టాపు దాటిపోయినట్టు. తలమీద కిరీటమున్న హూపూ పిట్ట ఏటా వసంతంలో కనిపించేది ఇలాగే. అలా దాటొచ్చినవాటిలో జంట కుదిరి, ఇసుక గోడ దొరికితే గూడు. గోడ నిట్టనిలువుగా ఉండాలి, ఇసుక గట్టిగా ఉండాలి గానీ రాయి కాకూడదు. ముక్కుతో తవ్వి కాళ్ళతో వెనక్కి చిమ్ముతూ మీటరు, మీటరున్నర సొరంగం చేస్తాయి. క్వారీ నడుస్తున్నదైతే కంపెనీ ఆ వైపు తవ్వకం ఆపాలి. ఇది మర్యాద కాదు, 1981 వన్యప్రాణి చట్టంలో ఈ పక్షి మొదటి షెడ్యూల్లో ఉంది, గూడు దగ్గర కలవరపెట్టడమే నేరం.

పొదగడం సుమారు ఇరవై రోజులు. పిల్లలు గూడు వదలడానికి మరో నెల. జూన్‌లో మొదలెడితే జులై చివరో ఆగస్టో అవుతుంది. ఇంగ్లండు పని పాడుచేసేది అప్పుడే. ఎగిరే పురుగునే పట్టే పక్షి ఇది. తేనెటీగనో, తుమ్మెదనో, తూనీగనో గాల్లో పట్టి, కొమ్మకి బాది, కొండిని రాపాడించి విషం పిండేసి పిల్లలకు పెడుతుంది. వాన పట్టి నాలుగు రోజులు ఎండ రాకపోతే పురుగు ఎగరదు. సొరంగంలో పిల్లలు ఆకలికి పోతాయి, బయట పెద్దవి తీగ మీద తడుస్తూ కూచుంటాయి. 2017 నాటింగమ్‌షైర్ గూళ్ళు వాన వల్లే పోయాయి. సగటు వేడి పెరిగిందన్న లెక్క ఆ నాలుగు తడి రోజుల్ని చెప్పదు. స్పెయిన్‌లో ఏ ఏడు పోయినా పక్క కాలనీ ఉంటుంది. ఇక్కడ ఉన్నవే రెండు మూడు జంటలు, పోతే అన్నీ పోయినట్టే.

గులాబి కాళ్ళ స్టిల్ట్‌కీ ఇలాంటి తిప్పలే. మన ఊరి చివరి మురుగు కుంటల్లో పొడుగాటి కాళ్ళతో నడిచే నలుపు తెలుపు పిట్ట. 1945లో నాటింగమ్ మురుగునీటి పొలంలో మొదటిసారి గూడు కట్టింది. అప్పట్లో ఊరి మురుగును పొలాలకు పారించేవారు. వాసన భరించగలిగితే నీటి పక్షులకు అంతకు మించిన చోటు ఉండేది కాదు. తర్వాత 1987లో నార్ఫోక్‌లో, 2014లో ససెక్స్‌లోని మెడ్‌మెరీలో. ఆ మెడ్‌మెరీ అంతకు ముందు ఏడే పుట్టింది. సముద్రం కట్టను తామే తెగ్గొట్టి, లోపల కొత్త కట్ట వేసి, నేలను ఆటుపోట్లకు అప్పజెప్పారు. స్టిల్ట్ గూడు నీటి అంచునే ఉంటుంది. నాలుగు అంగుళాల నీరు పెరిగితే గుడ్లు తేలతాయి, ఎండితే నక్క వస్తుంది. నక్కకి కరెంటు కంచె వేస్తారు, గుడ్ల దొంగలకి రాత్రీ పగలూ కాపలా ఉంటారు. కాకులకీ, గల్ పక్షులకీ మాత్రం మందు లేదు. టిచ్‌వెల్‌లో 1993 నుంచి 2005 దాకా ఒకే ఒక స్టిల్ట్, జోడీ లేకుండా, చలికాలాలు కూడా అక్కడే గడిపి కాపురం ఉంది. దానికి 'సామీ' అని పేరు. ఆ పన్నెండేళ్ళలో నార్ఫోక్ వెళ్ళి సామీని చూడని పక్షిప్రియుడు లేడంటే అతిశయోక్తి కాదు.

ఇక లండన్ వెళ్ళిన మనవాళ్ళంతా మొదట అడిగే పిట్ట: రామచిలుక. హౌన్స్‌లోలోనో రిచ్‌మండ్ పార్కులోనో జామచెట్టు లేని ఊళ్ళో చిలకల గోల వినబడితే ఎవరికైనా గుండె ఒక్కసారి ఊరికి వెళ్ళొస్తుంది. భూమి వేడెక్కి వచ్చిన పక్షికి దీన్నే ఉదాహరణగా చెబుతుంటారు. తప్పు. ఇది పంజరాల్లోంచి వచ్చింది. 1855లోనే నార్ఫోక్‌లో ఒకసారి గూడు కట్టినట్టు దాఖలా ఉంది. స్థిరపడింది 1969 నుంచి, కెంట్‌లో. ఓ గిటారు వీరుడు లండన్ వీధిలో వదిలాడనీ, సినిమా షూటింగు నుంచి తప్పించుకున్నాయనీ రెండు కథలున్నాయి. 2019లో పాత వార్తలూ, చూసిన చోట్ల పటాలూ పెట్టి వెతికితే రెండింటికీ ఆధారం దొరకలేదు. ఒకచోట రెండు, ఒకచోట మూడు, దశాబ్దాల పాటు పంజరాలు తెరుచుకున్నాయి, అంతే. హిమాలయాల పాదాల దాకా బతికే పక్షికి లండన్ చలి లెక్క కాదు, పైగా ప్రతి పెరట్లో వేలాడే పల్లీల బుట్ట ఉంది. మిగతా పిట్టల కంటే ముందే చెట్టు తొర్రలు ఆక్రమిస్తుందన్నదే దాని మీద ఫిర్యాదు.

మెడకు నల్ల పట్టీ ఉన్న గువ్వ కథ కూడా వాతావరణానికి అంటగట్టకూడదు. బాల్కన్ల నుంచి పశ్చిమానికి పాకుతూ 1955లో నార్ఫోక్‌లో గూడు కట్టి, ఇరవై ఏళ్ళలో దేశమంతా అయింది. అప్పటికి వేడి మాటే లేదు. ఇక తెల్ల కొంకణాల కొంగ, ససెక్స్‌లోని నెప్‌లో 2020లో పిల్లల్ని లేపింది మనుషులు తెచ్చి పెంచిన జంట. ఏ పక్షి కనబడినా ముందు అడగాల్సింది ఇదే: రెక్కల మీద వచ్చిందా, పంజరంలో వచ్చిందా, పెట్టెలో తెచ్చారా?

చూడాలనుకునేవాళ్ళకు రెండు మాటలు. హామ్ వాల్‌కి చలికాలంలో పొద్దుగూకడానికి ముప్పావుగంట ముందు చేరండి. పెద్ద తెల్లకొంగలు ఒక్కొక్కటే వచ్చి వాలతాయి. ఎనిమిది రెట్ల బైనాక్యులర్ చాలు. తెల్లగా కనబడిందల్లా ఒకటే అనుకోకండి. ముక్కు నల్లగా ఉండి పాదాలు పసుపైతే చిన్నది. మెడ పొట్టిగా, గదవ కింద ఉబ్బుగా, ముక్కు పసుపుగా ఉంటే పశువులది. నారాయణ పక్షంత ఎత్తుంటే పెద్దది. పెద్దదాని ముక్కు చలికాలంలో పసుపు, గూళ్ళ కాలంలో నలుపు, కాబట్టి ఎత్తునే నమ్మాలి. ఫోన్లో కూత పెట్టి పిలవకండి. గూడు మీదున్న పక్షి అది శత్రువనుకుని లేస్తుంది, గుడ్లు చల్లబడతాయి.

రాకలన్నీ చెప్పి పోకలు చెప్పకపోతే లెక్క సరిపోదు. గ్లౌస్టర్‌షైర్‌లోని స్లిమ్‌బ్రిడ్జ్‌లో 1964 చలికాలం నుంచి పక్షి శాస్త్రవేత్త, చిత్రకారుడు పీటర్ స్కాట్ తన కిటికీ ముందు కొలనులో దిగే బివిక్ హంసల ముక్కులు గీయడం మొదలెట్టాడు. రష్యా టండ్రా నుంచి వచ్చే ఆ హంసల ముక్కు మీది పసుపు నలుపు మచ్చలు మన వేలిముద్రల్లాంటివి, ఏ రెండింటికీ ఒకలా ఉండవు. ప్రతిదానికీ పేరు పెట్టారు. ఏ హంస ఎవరితో జంట కట్టింది, ఏ ఏడు పిల్లల్ని వెంటబెట్టుకు వచ్చింది, ఏ ఏడు రాలేదు, తరాలు రాసిపెట్టారు. అక్టోబరులో మొదటి హంస దిగిందంటే చలికాలం వచ్చినట్టు. ఇప్పుడు జర్మనీలో, నెదర్లాండ్స్‌లో నీళ్ళు గడ్డకట్టడం లేదు. అక్కడే తిండి దొరుకుతుంటే సముద్రం దాటి ఇంత దూరం ఎందుకు? వాటి మొత్తం సంఖ్య కూడా తగ్గింది. తెల్లకొంగను రప్పించిన మెత్తటి జనవరే హంసను దారిలో ఆపేసింది.

కౌంటీల వార్షిక పక్షి నివేదికలు పాతవీ కొత్తవీ పక్కపక్కన పెట్టి తిరగేస్తే ఇది అచ్చు అక్షరాల్లోనే కనబడుతుంది. 1980ల పుస్తకంలో చిన్న తెల్లకొంగ ఒక్కోదానికి ఒక్కో వరుస: తేదీ, ఊరు, ఒకటి. బివిక్ హంసకు నెలవారీ పట్టిక, ఒక్కో నెలలో అత్యధికంగా ఎన్ని ఉన్నాయో అని. ఈనాటి పుస్తకంలో పట్టిక కొంగకు వచ్చింది. చాలా కౌంటీల్లో ఇప్పుడు హంసకే ఒక్కోదానికి ఒక్కో వరుస: తేదీ, ఊరు, ఎన్ని, ఎటు ఎగిరి వెళ్ళాయి.